వడ్లలో రైలు ఆట

నవంబర్ 24
ఆరబెట్టడానికి మళ్ళీ వడ్లు దిగాయి. మా కన్నడ బడి ముందున్న మైదానం నిండా. ఖోఖో స్తంభాలు రెండే పైకి కనిపిస్తున్నాయి. నాకు పని — పాదాలు ఈడుస్తూ వడ్లు తిప్పడం, కోళ్ళనూ మేకలనూ పిల్లలనూ తరమడం. ఆ వరుసలోనే చెప్పాడు వడ్ల ఆసామి సత్తిబాబు. కోళ్ళు, మేకలు, పిల్లలు.

నవంబర్ 25
పిల్లలెక్కడ ఆడాలి సార్ అని హెడ్మాస్టర్ని అడిగాను. తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. సత్తిబాబు ఇచ్చిన ఫ్యాను.
"ఒందే తింగళమ్మా. అడ్జస్ట్ మాడికొళ్ళి."
నెల రోజులు సర్దుకోవాలట. ఎవరు? ఆ సత్తిబాబా, పిల్లలా?

నవంబర్ 26
పిల్లలు కాలువ గట్టుకు చేరారు. బంతి నీళ్ళలో పడితే అక్క కూతురు ఈరమ్మ నడుం దాకా దిగింది. ఏడేళ్ళు. ఈత రాదు. బయటికి లాగి చెంప మీద ఒకటిచ్చాను.
"మైదానంల ఆడితే నువ్వే కట్టె పట్టుకొని తరిమితివి గద చిన్నమ్మా!"


నవంబర్ 27
కట్టె పారేశాను. పిల్లల్ని పిలిచి, చెప్పులు విప్పించి, వరుసగా నిలబెట్టాను. కాళ్ళెత్తొద్దు, ఈడ్చాలి, నేనే ఇంజను. కూ... అని అరుపులు. వడ్లలో గీతలన్నీ వంకర. సత్తిబాబు బండి ఆగింది. చాలాసేపు చూశాడు.
"బానే ఉందమ్మాయ్. ఆడనీ."
గెలిచాను. ఇంట్లో చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నా — గెలిచాను.

నవంబర్ 29
గెలవలేదు.
నాతోపాటు వడ్లు తిప్పే నరసమ్మను రావద్దన్నాడు సత్తిబాబు.
"పిల్లలున్నారు కదమ్మాయ్. తేలిక కాళ్ళు, గింజ నలగదు. సోమవారం నుంచి పదింటికల్లా దింపు, ఎండ అప్పుడే బావుంటది."
పదింటికి బడి గదా అన్నాను.
"ఒక్క గంటేగా! బిస్కెట్లు ఇప్పిస్తాలే."
ఒక్క గంటే అని నన్నూ నాలుగో తరగతిలో నాట్లకు దింపారు. మళ్ళీ బడి గడప ఎక్కలేదు. ఈ తెలుగు అక్షరాలు ఎరువుల సంచుల మీద కూడబలుక్కున్నవి.
సాయంత్రం నరసమ్మ వచ్చింది. గడప దాటలేదు.
"సదువొచ్చిన పిల్లవని మురిసితిమి. ఏందే గిట్ల, నా కూలికే ఎసరు పెడితివి?"


నవంబర్ 30
ఆదివారం. పొద్దంతా పిల్లలే వడ్లు తిప్పారు. ఈరమ్మ కాళ్ళ నిండా వడ్ల నూగు, దద్దుర్లు. కొబ్బరినూనె రాశాను.
"రైలు ఆట చాలు చిన్నమ్మా. బంతాట ఎప్పుడు?"

డిసెంబర్ 1
తొమ్మిదిన్నరకు వెళ్తే అప్పటికే వరుస కట్టి ఉన్నారు. చెప్పులు ఒక పక్క, బడి సంచులు ఒక పక్క. ముందు ఈరమ్మ. తరిమితే కాలువ. ఉండనిస్తే వడ్లు. గంట కొట్టారు. ఒక్కరూ కదల్లేదు, అందరి కళ్ళూ నా మీదే.
వడ్లు నెట్టే పలక అందుకున్నా. స్తంభం మొదట్లో మొదలుపెట్టి గోడ వైపు నెట్టుకుంటూ పోయా.
"ఏం జేస్తున్నవ్ చిన్నమ్మా?"
"లోపటికి నడువుండ్రి. ఇంటర్వెల్ కల్లా ఆడనీకి జాగ జేస్త."
పరుగెత్తారు. చెప్పులు కూడా తొడుక్కోలేదు.
చేతులు బొబ్బలెక్కాయి. ఒక స్తంభం చుట్టూ నేల తేలింది. రెండోది ఇంకా వడ్లలోనే. గోడ అవతల నరసమ్మ నిలబడి చూస్తోంది — ఎప్పటి నుంచో. సత్తిబాబు ఇంకా రాలేదు.
రెండో పలక, నరసమ్మది, గోడకు ఆనించే ఉంది...