ఆరో మంచం ఆయన మాత్ర

అమ్మా, నేను కులాసా, పోస్టుకార్డు చూసి కంగారు పడకు.

వారం రోజులు పని చూసి ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారని రాశాను కదా. నిన్న ఆఖరి రోజు. పొద్దున మాత్రలు పంచుతూ, ఐదో మంచం ఆయన బీపీ మాత్ర ఆరో మంచం ఆయనకు ఇచ్చేశాను. ఆయన మింగేశాక చీటీ చూసుకున్నాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎవరూ చూడలేదు. అయినా పెద్ద నర్సమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. డాక్టరుకు కబురు చేసి, "ఆయన పక్కనుంచి కదలకు. పావుగంటకోసారి బీపీ చూసి రాయి" అంది.

చూసినప్పుడల్లా బీపీ పడిపోతూనే ఉంది. "ఏంటమ్మా, నా చెయ్యి వదలవా?" అని ఆయన నవ్వాడు. తప్పు మాత్ర ఇచ్చానని ఆయనకూ చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "అయితే ఇక్కడే కూర్చో, ఎక్కడికీ పోకు" అన్నాడు. మూడింటికి గాని బీపీ నిలకడకు రాలేదు. అప్పటిదాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు నేను.

ఇక ఉద్యోగం లేనట్టేనని సంచీ సర్దుకుంటుంటే పెద్ద నర్సమ్మ వచ్చింది. "ఎక్కడికి? సోమవారం ఏడింటికల్లా ఇక్కడుండు. తప్పు చేసి నోరు మూసుకునేవాళ్ళను నేను పెట్టుకోను. ఇంకోసారి ఇలా చేస్తే మాత్రం నిన్నూ పెట్టుకోను" అంది.

నా అసలు సర్టిఫికెట్లు, తెల్లబూట్లు వెంటనే పంపు. తమ్ముడి దగ్గు తగ్గిందా? నానమ్మకు నా నమస్కారాలు. నాన్నకు ఈ కార్డు నువ్వే చదివి వినిపించు. మాత్ర సంగతి దాటెయ్యకు, పోస్టాయనకు ఎలాగూ తెలిసిపోయి ఉంటుంది.

నీ పెద్దపిల్ల