పరమాన్నంలో బిర్యానీ ఆకు

విజయవాడ, శ్రావణ శుక్రవారం రాత్రి

తమ్ముడి భార్య బెంగాలీ పిల్ల. ఈ ఉదయం నైవేద్యానికి పరమాన్నం వండుతూ అందులో బిర్యానీ ఆకు వేసేసింది. నాకు గుండె ఆగినంత పనైంది. మడి కట్టుకున్న అమ్మ గిన్నెలోకి చూసింది.

"దీన్ని మీరేమంటారమ్మా?"

"తేజ్‌పాతా, అత్తయ్యగారూ. మా పాయసంలో వేస్తామండి," అంది పిల్ల బిక్కమొహంతో.

"సంస్కృతంలో తమాలపత్రం. బిర్యానీ పేరు మనం తగిలించి ఆకుని తప్పుపడితే ఎలా?" అంటూ అమ్మ ఆ గిన్నెనే అమ్మవారి ముందు పెట్టింది.

నేనైతే మళ్లీ వండించేదాన్నేమో. రేపు నాకూ కోడలొస్తుంది...

భోజనాల దగ్గర నాకొచ్చిన బిర్యానీ ఆకును అలవాటుగా పక్కకు నెట్టాను. అమ్మ మాత్రం తనకొచ్చిన ఆకుకి అంటుకున్న పరమాన్నమంతా చప్పరించి, కోడలితో అంది:

"వచ్చే శుక్రవారం ఇంకో రెండాకులు ఎక్కువెయ్యమ్మా."