నీలం గుర్తు లేని కాగితం

మార్చి 2

ప్రియమైన గడుగ్గాయికి,

ఉత్తరం రాయలేదని అలిగావట. అలుగు, నాకేం కొత్త కాదు. ఈ మూడు రోజుల్లో నేను నేలమాళిగలోంచి తీరిగ్గా పైకి వస్తే ఒట్టు.

మొన్న ఉదయం తొమ్మిదీ నలభైకి మన భూకంప యంత్రం డ్రమ్ము మీద గీత గీసే ముల్లు ఎగిరింది. నువ్వూ ఇక్కడ రెండేళ్ళు పని చేసినదానివే, చూస్తే ఇట్టే పోల్చేదానివి. భూకంపమైతే గీత మెల్లగా వణుకుతూ పెద్దదవుతుంది. ఇది మొదటి దెబ్బే ఫెడీల్మని కొట్టింది. అవతలి దేశం వాళ్ళు కొండ కింద మళ్ళీ అణుబాంబు పేల్చారు.

మన పద్ధతి ఏమీ మారలేదు. నేను భూతద్దం పెట్టి గీత ఎత్తు కొలిచి ఎర్ర పెన్సిల్‌తో వేశాను. దాని మీద అట్టముక్క కప్పి, నువ్వు వెళ్ళాక నీ కుర్చీలోకి వచ్చిన గడియారాల మాస్టారిని పిలిచాను. ఆయన నా అంకె చూడకుండా తన అంకె నీలం పెన్సిల్‌తో వేశారు. రెండూ కలిశాయి. పట్టికలో చూస్తే రెండు వందల అరవై కిలోటన్నులు. ఒప్పందం ప్రకారం నూట యాభై దాటకూడదు.

అయితే నివేదిక అడుగున నాలుగు లైన్లు రాశాను. ఆ పట్టిక మన నేలలో మనం చేసిన పేలుళ్ళతో కట్టింది. మన నేల మెత్తన, దెబ్బ సగం అందులోనే ఇంకిపోతుంది. వాళ్ళది గట్టి రాయి, దెబ్బ తగ్గకుండా మన దాకా వస్తుంది. చిన్న బాంబు కూడా మనకి పెద్దదిగా కనిపిస్తుంది. కాబట్టి అసలు అంకె ఇందులో సగమే కావచ్చునని రాశాను. మంత్రిగారికి కాగితాలు సిద్ధం చేసేది నువ్వే కదా, అడుగున ఉన్నది కూడా ఆయన చదివేలా చూడు.

ఇల్లు ఎప్పటిలాగే ఉంది. మీ బావ టోపీ ఇంకా ఆ మేకుకే ఉంది. తియ్యమని చెప్పి చెప్పి నీ నోరు నొప్పి పుట్టింది, నాకు చెయ్యి రాలేదు.

నీ అక్క


మార్చి 8

ప్రియమైన అక్కకు,

ఇక్కడ ఊపిరి సలపడం లేదు. నీ రెండు వందల అరవై ఊరంతా తిరుగుతోంది. గోడల మీద రాశారు. మా ఆఫీసు లిఫ్ట్ నడిపే ఆయన నన్ను చూడగానే "ఏమ్మా, మనమూ ఒకటి పేలుస్తామా లేదా?" అని అడిగాడు, అదేదో దీపావళి టపాకాయ అయినట్టు.

సభలో రెండు వర్గాలయ్యాయి. మూసేసిన మన సొరంగాన్ని తెరిచి జవాబు పేలుడు చేసి తీరాలని ఒకరు. ముందు నిరసన చెబుదాం, మనవాళ్ళు వెళ్ళి అక్కడి రాయిని కొలవనివ్వమని అడుగుదాం, అప్పటిదాకా ఆగుదాం అని ఇంకొకరు. ఓటింగు ఇరవయ్యో తారీఖున. మంత్రిగారు మొదటి వర్గం.

నీ గమనిక వెళ్ళింది, దిగులు పడకు. నువ్వు మాత్రం ఇక్కడికి రావద్దు. వచ్చి అంకె తగ్గించమన్నావనుకో, వీళ్ళు వదిలిపెట్టరు. "ఆ సొరంగంలోనే మొగుడు పోయాడు, అప్పటినుంచీ ఆవిడ పెన్సిల్ వంకర తిరిగింది" అంటారు. అది నీ చెవిన పడితే నేను తట్టుకోలేను.

వేళకి తిను. నేలమాళిగలో శాలువా కప్పుకో.

నీ గడుగ్గాయి


మార్చి 13

ప్రియమైన చెల్లికి,

ఈ కవరు రిజిస్టరు చేసి పంపిస్తున్నాను. అందగానే మంత్రిగారి చేతిలో పెట్టు. మిగతా పనులన్నీ ఆపు.

నా గమనిక వట్టి అనుమానం, దాన్ని ఎవరూ లెక్క చెయ్యరని తెలుసు. ఇప్పుడు రుజువు దొరికింది. తొమ్మిదేళ్ళ కిందట అవతలివాళ్ళు ఆనకట్ట కోసం ఒక కొండ పేల్చారు. అది బాంబు కాదు, మామూలు పేలుడు మందు. ఎన్ని టన్నులు పెట్టారో గొప్పగా వాళ్ళ పత్రికల్లోనే వేసుకున్నారు. ఆ కొండ వాళ్ళ పరీక్షల చోటికి పక్కనే, అదే రాయి. ఆ రోజు మన డ్రమ్ము మీద పడిన గీత కాగితం ఇదే. మొన్న బీరువా సర్దుతుంటే బయటపడింది.

కొలిచాను. పదకొండు మిల్లీమీటర్లు. మన పట్టిక ప్రకారం చూస్తే వాళ్ళు పెట్టిన మందుకు రెండింతలు పైగా చూపిస్తోంది. అంటే ఆ రాయి మీద మన పట్టిక ఎప్పుడూ రెండింతలు చెబుతోంది. రెండు వందల అరవై కాదమ్మా, నూట పాతిక లోపే. వాళ్ళు ఒప్పందం దాటలేదు.

సొరంగం మళ్ళీ తెరిస్తే లోపలికి దిగేది మీ బావతో పని చేసినవాళ్ళే. ఆయన ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు మనింటికి వచ్చి టీ తాగినవాళ్ళు. పేలుడు తర్వాత ఆ పగుళ్ళలోంచి ఎలాంటి విషగాలి వస్తుందో నీకు నేను చెప్పాలా? ఒక తప్పు అంకె కోసం వాళ్ళని దింపకూడదు.

ఓటుకి ముందే ఇవ్వు.

నీ అక్క


మార్చి 22

ప్రియమైన అక్కకు,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఇరవై రెండు ఓట్ల తేడాతో తీర్మానం నెగ్గింది. వచ్చే నెల పన్నెండున సొరంగంలో పేలుడు. నీ కవరు నిన్ననే నా చేతికి అందింది. ఈ తపాలావాళ్ళని ఏమనాలి చెప్పు! ఒక్క రెండు రోజులు ముందు వచ్చి ఉంటే...

నువ్వు చెయ్యగలిగింది చేశావు. ఇక మనసులో పెట్టుకోకు.

నీ చెల్లి


మార్చి 26

చెల్లికి,

రిజిస్టరు కవరుతో పాటు అక్నాలెడ్జ్‌మెంటు కార్డు కూడా పెట్టాను. ఇవాళ తిరిగొచ్చింది. కవరు తీసుకున్నట్టు నీ సంతకం ఉంది, కింద తేదీ ఉంది. మార్చి 17.

నేను బతుకంతా గీతలూ తేదీలూ చూసినదాన్ని. భూతద్దం పెట్టి కూడా చూశాను. అది ఏడే.

అక్క


మార్చి 30

ప్రియమైన అక్కకు,

అది ఏడే.

పదిహేడు నుంచి ఇరవై దాకా నీ కవరు నా బల్ల సొరుగులోనే ఉంది. అంతకుముందు ఇంకోటి చేశాను, అదీ చెప్పేస్తాను. మంత్రిగారు ఒక్క పేజీ, ఒక్క అంకె కావాలన్నారు. "కావచ్చు, కాకపోవచ్చు అనే కాగితం నాకొద్దు" అన్నారు. నీ నివేదిక అడుగున ఉన్న నాలుగు లైన్లనీ కత్తెరతో నేనే కత్తిరించి, మిగిలింది నకలు తీయించి ఇచ్చాను. వెళ్ళిందని నీకు అబద్ధం రాశాను. తర్వాత నీ రుజువు వచ్చింది. అది బయటపెడితే మొదటి గమనిక ఏమైందని అడుగుతారు.

నిన్ను ఎగతాళి చేస్తారనే దాచానని నాకు నేను చెప్పుకున్నాను. అది ఉత్తి మాట. నా కుర్చీ కోసం దాచాను.

ఇంకో సాకు కూడా వెతుక్కున్నాను. నువ్వు పంపిన కాగితం మీద ఎర్ర గుర్తే ఉంది, నీలం గుర్తు లేదు. రెండో కొలత లేనిది లెక్కలోకి రాదని నువ్వే కదా నాకు నేర్పావు! ఇరవయ్యో తారీఖు ఉదయం ఆ సాకూ పోయింది. భూతద్దం తీసి నేనే కొలిచాను. పదకొండు. ఓటింగుకి ఇంకా రెండు గంటలుంది. మంత్రిగారి గది నా గదికి నాలుగడుగులు. నేను కాగితం మడిచి సొరుగులో పెట్టి, తలుపులు తీసేవేళకి సభలోకి వెళ్ళి కూర్చున్నాను.

నీ కార్డు సంగతి చదివాక నిన్న రక్షణ కమిటీ అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళి నీ రుజువు, నేను కత్తిరించిన ముక్క, రెండూ ఆవిడ ముందు పెట్టాను. ఉద్యోగం పోయినట్టే, పోనీ. ఆవిడ కాగితం నకలు తీయించుకుని అసలుది నాకే ఇచ్చి, ఎనిమిదో తారీఖు విచారణకి తెమ్మన్నారు. అప్పటిదాకా సొరంగం పని ఆపించారు. నీ మాట నిలబడితే పేలుడు రద్దుకి సిఫారసు చేస్తారట.

నువ్వు రావాలక్కా. వాళ్ళు అడిగేది ఒక్కటే ప్రశ్న. ఈ కాగితం ఎప్పుడు దొరికింది, ఎప్పుడు కొలిచారు అని. మొన్న బీరువాలో దొరికిందని చెబితే చాలు.

నీకు నా మొహం చూడాలని లేకపోతే స్టేషనుకి రాను. చెప్పు.

నీ చెల్లి


ఏప్రిల్ 3

నా గడుగ్గాయికి,

స్టేషనుకి రా. నువ్వు రాకపోతే ఈ పెట్టె ఎవరు మోస్తారు?

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. కార్డు చూసిన రోజు కోపంతో ఒళ్ళు మండిపోయింది. అయితే ఆ కోపంతో నీకు నాలుగు మాటలు రాయబోయి, పెన్ను కింద పెట్టేశాను. నాకు ఆ హక్కు లేదు.

నీ దగ్గరున్న కాగితం కింద కుడి మూల చూడు. కత్తిరించి ఉంటుంది. కొలిచినవాళ్ళు తేదీ వేసే మూల అది. కత్తెర పట్టడంలో మనిద్దరం ఒక తల్లి బిడ్డలమే అనిపించుకున్నాం.

ఆ కాగితం బీరువాలో దొరకలేదు. నేను దాన్ని ఏనాడూ పోగొట్టుకోలేదు. కొండ పేల్చిన వారంలోనే కొలిచాను, తొమ్మిదేళ్ళ కిందట. మీ బావ పోయి అప్పటికి ఏడాది.

ఆయన ఏ పేలుడులో పోయారో నీకు తెలుసు. అది ఎందుకు చేశారో కూడా గుర్తు తెచ్చుకో. అవతలివాళ్ళు రెండు వందల నలభై పేల్చారు, మనం జవాబు చెప్పాలి అన్నారు. ఆ రెండు వందల నలభై నాది. అదే పట్టిక, ఇదే ఎర్ర పెన్సిల్. ఆ రోజు మీ బావ టోపీ మేకుకి తగిలించి "నీ అంకె వల్ల మాకు చేతినిండా పనే" అని నవ్వి వెళ్ళారు.

ఏడాది తర్వాత ఈ పదకొండు మిల్లీమీటర్లు కొలిచి, పట్టికలో చూసుకుని, పాత అంకెని సగం చేశాను. నూట ఇరవై. వాళ్ళు హద్దు దాటనే లేదు. మనం జవాబు చెప్పాల్సిన అవసరమే లేదు. ఆయన ఆ సొరంగంలోకి దిగాల్సిన అవసరమే లేదు.

అప్పట్లో నీలం పెన్సిల్ పట్టుకునే ఆవిడ పక్క గదిలోనే ఉంది. పిలవలేదు. రెండో కొలత పడితే అది నిజమైపోతుంది. ఒక్క పెన్సిల్‌తో ఉన్నంతకాలం నా పొరపాటేమోనని అనుకోవచ్చు. ఆ తర్వాత నీలం పెన్సిల్‌తో నువ్వొచ్చావు, రెండేళ్ళు నా పక్కన కూర్చున్నావు. నీకూ చూపించలేదు. ఆయన్ని నేనే పంపానని ఎవరికీ తెలియకూడదనుకున్నాను, ముఖ్యంగా నాకు. పట్టిక సరిచేయించి ఉంటే ఇవాళ ఈ రెండు వందల అరవై పుట్టేదే కాదు. నువ్వు మూడు రోజులు దాచావు. నేను తొమ్మిదేళ్ళు దాచాను.

ఇప్పుడు కూడా పూర్తిగా బయటపెట్టలేదు చూడు, మూల కత్తిరించి పంపాను. సొరంగాన్ని ఆపాలి, నా సంగతి మాత్రం తెలియకూడదు అనుకున్నాను.

మొన్న దొరికిందని చెబితే చాలని రాశావు. నిజమే, సులువుగా పోతుంది. అయితే ఆ తేదీ మీద ఒక్కరికి అనుమానం వచ్చినా పదకొండునీ నమ్మరు, మనుషులు సొరంగంలోకి దిగుతారు. ఇంకో ఫోర్‌మన్ ఇంట్లో టోపీ మేకుకి ఉండిపోతుంది. అందుకే కత్తిరించిన మూల తెస్తున్నాను. కుట్టు డబ్బాలో దారపు ఉండల కింద ఉంది. నీ దగ్గరున్న కాగితానికి పెట్టి చూస్తే సరిగ్గా అతుకుతుంది.

ఏడో తారీఖు ఉదయం బండికి వస్తాను. మాస్టారు నీలం పెన్సిల్ ఇచ్చారు, నీ కోసమే అడిగి తీసుకున్నాను. నువ్వు కొలిచావు కదా, కాగితం మీద నీ పదకొండు వెయ్యి. పక్కన తేదీ కూడా వెయ్యి. ఏప్రిల్ ఏడు అని కాదు. మార్చి ఇరవై, ఉదయం, ఓటింగుకి రెండు గంటల ముందు అని వెయ్యి. నా తేదీ పక్కనే నీ తేదీ ఉంటుంది. ఇద్దరం కలిసే లోపలికి వెళదాం.

టోపీ మేకు మీద నుంచి తీశాను.

నీ అక్క