మగ్గేదాకా

బావమరిదీ,

ఈ ఉత్తరం చదివి చింపెయ్. వచ్చే ఆదివారం అటక దులుపుతానంటోంది మీ అక్క. అక్కడ నా పైపు పొగాకు సీసాలు నలభై ఉన్నాయి. ఈలోపే వచ్చి పట్టుకెళ్లి, నీ కుట్టు దుకాణంలో గుడ్డ తానుల వెనక దాచిపెట్టు. గాలి చొరకుండా మూతలు బిగించి, తెరవాల్సిన సంవత్సరం రాశాను. పదిహేనేళ్లు మగ్గితేగానీ దానికి అసలు రుచి రాదు.

డాక్టరేమో "ఇలాగే పీలిస్తే అయిదేళ్లండీ, మానేస్తే ఇరవై" అన్నాడు. వేళ్లమీద లెక్కేసుకుని ఆ రోజే పైపు మానేశాను. ఇప్పుడు రోజూ నడక, చప్పిడి తిండి. తన పోరు పడలేకే మారానని మీ అక్క వీధంతా చెప్పుకుని మురిసిపోతోంది. ఆ మురిపెం చెడగొట్టకు.

నువ్వు మాత్రం ఆశపడి మూత తీయకు. ఆ సీసాలే లేకపోతే నాకు ఆరోగ్యంతో పనేముంది?

నీ బావ