పిల్లలకూ ముయ్యి

క్యాతగానచెర్లు,
1986 ఆగస్టు

పెద్దక్కకు,

నీ చెల్లెలు రంగక్క మొక్కి రాసేది. ఇక్కడ వాన మొహం చూసి నెల దాటింది. ఆయన బెంగళూరులో రాళ్ళు మోస్తున్నాడు. ఇంట్లో నేనూ, మా గంగాధర. వాడికి పదిహేనేళ్ళు నిండాయి, నూనూగు మీసాలు వస్తున్నాయి. బుద్ధి మాత్రం నాలుగేళ్ళ దగ్గరే నిలిచింది, నీకు తెలిసిందే.

పావగడలో ఇట్లాంటి పిల్లల తల్లులకు నెలకోసారి తరగతి పెడుతున్నారు. చెప్పేది యశోదమ్మ అని బెంగళూరు ఆవిడ. ఎదిగినవాణ్ణి పసివాడిలా చూడొద్దంటుంది, వాడి చొక్కా వాణ్ణే వేసుకోనీయమంటుంది. అవన్నీ చేస్తున్నాను. ఇంకో మాట కూడా ఆవిడ కాగితంలో ఉంది. వారానికో పూట పిల్లవాణ్ణి బంధువులకు అప్పగించి తల్లి తీరిగ్గా కూర్చోవాలట. నాకు నవ్వొచ్చింది.

"బంధువులు యాడుండారమ్మా? వీని వల్ల మా చేనికి ముయ్యికి గూడా ఎవురూ రారు. నేను పోయి వాళ్ళ చేన్లో కలుపు తీసినాను. బదులుకి నా చేనికి రమ్మంటే, మీవాడు మీదికొస్తాడు అంటారు" అన్నాను. పాపం, ఆవిడ ఆ మాట తన కాగితం మీద రాసుకుంది.

అక్కా, ఇన్నాళ్ళూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. నీ కొత్తింట్లో పాలు పొంగించిన రోజు వాణ్ణి వెనక గదిలో పెట్టి తలుపు వేసింది బావ కాదు, నువ్వే. చుట్టాలు బెదురుతారన్నావు. లోపల వాడు పాడుకుంటూ కూర్చున్నాడు, బయట నాకు పాయసం వడ్డించావు. నీకెట్లా చేతులొచ్చాయి?

చెనక్కాయ పంట ఇంటికి చేరాక వాణ్ణి బెంగళూరులో ఇట్లాంటి పిల్లల హాస్టలుకు పంపుదామని ఆయన మాట్లాడి వచ్చాడు. సరేనన్నాను. నాకు ఓపిక లేదక్కా. పోయేటప్పుడు బస్సులో వాడుంటాడు, తిరిగొచ్చేటప్పుడు నా పక్కన ఎవరూ ఉండరు. ఆ ఒక్కరోజు నాతో రా. ఇంకేమీ అడగను.

నీ చెల్లెలు
రంగక్క

క్యాతగానచెర్లు,
నవంబరు

పెద్దక్కకు,

నీ జాబు అందింది. హాస్టలు మంచి ఆలోచనేనని, కోత పని వదిలి రాలేనని రాశావు. తలుపు సంగతి రాయలేదు. పోనీలే, తన దాకా వస్తేగానీ ఎవరికీ తెలియదు. ఇక నువ్వు రావలసిన పని లేదు. వాణ్ణి పంపడం లేదు.

పోయిన తరగతిలో యశోదమ్మ కాగితం పక్కన పెట్టి, బంధువులు లేకుంటే ఏం చేద్దామో మీరే చెప్పండి అంది. మూల నుంచి కెంచమ్మ లేచింది. మా ఊరే. ఆమె కొడుకు లింగప్ప మావాడి ఈడువాడే, వాడూ ఇట్లాగే. ఇంట్లోనే దాచుకుంది కాబట్టి నేను వాణ్ణి సరిగ్గా చూసిందే లేదు.

"రంగక్కా, కలుపుకు ముయ్యి పోతాము గదా, బిడ్లకు పోతే ఏమి? ఒకనాడు మావాడు నీకాడ, ఒకనాడు మీవాడు నాకాడ. మావాడు కరుస్తాడు. ఓర్చుకుంటావా?" అంది.

"మావాడు అరుస్తాడు. నువ్వు ఓర్చుకుంటావా?" అన్నాను.

ముందు లింగప్ప వచ్చాడు. చెప్పినట్టే నా చెయ్యి కరిచాడు, సంగటి తిన్నాడు, నిద్రపోయాడు. సాయంత్రం కెంచమ్మ నా చేతి మీది గాటు చూసి, ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నన్ను అట్లా పట్టుకున్నవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు.

ఈరోజు నా వంతు. వాణ్ణి కెంచమ్మ చేను దగ్గర వదిలి ఇంటికి వచ్చాను. అలవాటుగా రెండు కంచాలు పెట్టాను. ఒకటి తీసేశాను. తిన్నాక ఎట్లా కూర్చోవాలో తెలియలేదు. ఏడుస్తున్నాడేమోనని మళ్ళీ చేనికి పరిగెత్తాను. చెనక్కాయ కుప్ప దగ్గర లింగప్పతో కూర్చుని పీకిన చెట్ల నుంచి కాయలు తెంపుతున్నాడు. సగం కాయలు నోట్లోకే పోతున్నాయి. నన్ను చూసి, తీసుకుపోతానని భయపడ్డట్టున్నాడు.

"నువ్వు పో" అన్నాడు.

కెంచమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. పదిహేనేళ్ళలో వాడు నన్ను పొమ్మనడం ఇదే మొదలు. దారి పొడుగునా ఏడుస్తూ ఇంటికి వచ్చాను, ఎందుకో నాకే తెలియదు. సంతోషమే అక్కా, కానీ పొద్దు గడవడం లేదు. పొయ్యి అలికాను, నీళ్ళు తెచ్చాను, ఇంక చేయడానికేమీ లేక నీకిది రాస్తున్నాను.

రంగక్క