రెక్కల వెనక అంచు

అల్లుడు గారికి,

ఈ ఉత్తరం మీ అత్తగారు చెబితే రాస్తున్నది కాదు.

పోయిన వారం రాయి తగిలిన మన పడవ ప్రొపెల్లర్‌ను మెకానిక్ విప్పి చూపించాడు. మూడు రెక్కలకూ వెనక అంచులే చితికిపోయాయి. ముందుకు వెళ్తూ తగిలితే ముందు అంచులు పోతాయట. ఇది పడవ వెనక్కి వస్తుంటే తగిలిన దెబ్బేనట. "ఎవరు నడిపారండీ?" అని అడిగాడు. నేను దగ్గాను.

ముందుకు నడిపింది మీరు. రేవులో వెనక్కి తీసింది నేను. అయినా నలుగురి ముందు మిమ్మల్నే నానా మాటలూ అన్నాను.

రెక్కలు సాపు చేసి బిగించాడు. ఆదివారం పడవను నీళ్లలోకి దించుతున్నాం, అమ్మాయితో కలిసి రండి. ఆ రోజు రేవులో ఉన్నవాళ్లందరినీ పిలిచాను. వాళ్ల ముందే స్టీరింగ్ మీ చేతికిస్తాను, వెనక్కి తీసేటప్పుడు కూడా.

మీ మామయ్య