సెల్లార్‌లో మా ఇల్లు

జిల్లా సంక్షేమాధికారి గారికి, పుప్పాలగూడ నుంచి నమస్కారాలు.

అమ్మానాన్నలు లేని పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే సాయానికి నేను దరఖాస్తు పెట్టాను. విచారణకు వచ్చిన మీ ఉద్యోగి గేటు దగ్గరే ఆగి, మా అపార్ట్‌మెంటును తలెత్తి చూశారు.

"గింత పెద్ద బిల్డింగ్‌ల ఉంటూ పేదోళ్లమంటే ఎట్ల నమ్మాలె?" అన్నారు.

ఇక్కడ మెట్లు ఊడ్చే మా నానమ్మ భాగ్యమ్మ ఊరుకోలేదు. "బిల్డింగ్ పెద్దగైతే నా చీపురు బంగారమైతదా సారూ? జర సెల్లార్‌లకు దిగి మా రూము చూడుండ్రి."

ఆయన దిగలేదు. "గోపన్‌పల్లిల ఎవరిదన్న రేకుల ఇంటి అడ్రస్ రాయమ్మా, పనైతది," అని చెప్పి వెళ్లిపోయారు. సాయం రాకపోతే నా ఇంటర్ చదువు ఆగిపోతుందని భయపడి, నానమ్మ కూడా అలాగే రాయమంటోంది.

నేను రాయను. అమ్మానాన్న పోయాక నానమ్మ నన్ను తెచ్చుకున్నది ఈ సెల్లార్‌కే. నీళ్ల మోటారు పక్కన, పగలు కూడా లైటు వేసుకుని చదువుకుంటున్నది ఇక్కడే. నా పేదరికం మీకు కనబడటానికి ఇంకొకరి రేకుల కప్పు అరువు తెచ్చుకోవాలా?

అడ్రస్ మారదు. మళ్లీ మనిషిని పంపండి, లేదా మీరే రండి. కార్లు దిగే దారిలోనే నడిచి రండి. తలుపు తీసే ఉంచుతాను.

ఇట్లు,
భాగ్యమ్మ మనవరాలు